రేవులో

పంటు వెళ్ళిపోయింది, నా బండి ఎక్కకుండానే.
బుల్లియ్య రెండుసార్లు కేకేశాడు కూడా.
నేను కోటిపల్లి రేవు బురదలో మోకాళ్ళ మీదున్నాను,
గేదె డెక్క దిగబడిన గుంట ముందు.

గుంటలో రాత్రి వాన.
అంచున ఐదు నిమ్మ సీతాకోకలు,
గొట్టాలు దింపి ఉప్పు తాగుతూ.

సంచిలో అవతలి ఒడ్డు ఇళ్ళకి
కరెంటు బిల్లులు కొట్టే మిషను.
మెడలో ఇంకా నాలుగు వాయిదాలున్న కెమెరా.
ఊపిరి బిగబట్టి జానెడు జరిగాను.
నాకన్నా ముందు నా నీడ జరిగింది.
అయిదూ లేచాయి.

పోయిన నెల
కరివేపాకు మీద పిట్టరెట్టలా నక్కిన పురుగుని
దులపబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.
మూడ్రోజులు చారులో రెబ్బ లేదు,
ఇంట్లో మాటా లేదు.

ఒకటి తిరిగొచ్చింది.
చెమట పట్టిన నా వేలి మీద వాలింది,
సరిగ్గా నొక్కాల్సిన వేలి మీద.
నన్నే కాస్త తాగింది.
నొక్కలేదు.

పంటు మళ్ళీ ఒడ్డు తగిలింది.
"ఏం పడిందండి?"
తెర చూపించాను: బురద, గుంట,
ఓ మూల చెదిరిన పసుపు.
బుల్లియ్య కళ్ళు చికిలించి చూశాడు.
"ఆయ్, గేదడుగు బాగా వచ్చిందండి."