ఏడో పేజీ

మార్చి నెల రెండో మంగళవారం
ఎక్కడో ఎవరో ఒక లెక్క మార్చారు.
బురుజుపేటలో మా మేడమీద గదిలో
ఫ్యాను ఎప్పట్లాగే కిర్రుమంటోంది.
తెర మీద గీత మాత్రం
డాల్ఫిన్స్ నోస్ మీంచి జారిన రాయిలా పడింది.

రోజుకి తొమ్మిది వేలమంది వచ్చేవారు.
మార్గశిర గురువారాలైతే నలభై వేలు.
ఇప్పుడు నూట పన్నెండు,
ఆదివారానికి పద్నాలుగు.

షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో
ముప్ఫై ఒక్క ఏడాది ఓడలు గీసినవాణ్ణి.
ప్లేటు రెండు మిల్లీమీటర్లు తప్పితే
సముద్రం మర్చిపోదని తెలిసినవాణ్ణి.
రిటైరయ్యాక స్తోత్రాలూ, దండకాలూ,
వీధివీధి అమ్మవార్ల పాటలూ
ఒక్కో అక్షరం నేనే కొట్టి పెట్టాను.
వాటి పక్కన మోకాళ్ళ నొప్పుల నూనె,
బంగారం మీద అప్పు
అవంతట అవే వచ్చి కూర్చున్నాయి.
ఆ డబ్బుల్లో సర్వరు అద్దె పోను
గురువారం గురువారం అమ్మవారికి
రెండు మూరల కనకాంబరాలు.

మధురవాడ నుంచి హేమసుందర్ అని ఒక కుర్రాడొచ్చాడు.
కాఫీ సగం తాగి,
"పాటలు ఎవరు వెతుకుతారు అంకుల్?
ఉద్యోగం వచ్చే పది మంత్రాలు అని రాయండి.
అప్పు తీరడానికి అయిదు, పెళ్ళికి మూడు.
పైన ఈ ఏడాది అంకె వెయ్యండి, తాజాగా ఉండాలి."
తాజాగా ఉండాల్సింది దేవుడా అనడిగితే
నవ్వి, కప్పు కింద పెట్టాడు.

మా పైడమ్మ బట్టలు మడతపెడుతూ అంది:
"ఇప్పుడేటైపోనాది?
అమ్మోరికి పైకప్పే నేదు,
నీ లెక్క కూలిపోతే
ఆవిడ నెత్తిన పడతాదేటి?"

గుడికెళ్ళాను.
ఎవరైనా తాకొచ్చు ఆ తల్లిని,
ఎవరి చేత్తో వాళ్ళు పసుపు రాయొచ్చు.
అయినా లైను సందు మలుపు దాటింది.
ఎండలో నిలబడి లెక్కేసుకున్నాను,
ఇక్కడా నాది ఏడో పేజీయే.

ఆ రాత్రి ఒక ఉత్తరం వచ్చింది.
తెడ్డు పోలేశ్వరి, పెదజాలారిపేట.

"సార్, మీ అమ్మోరి పాటలో నాలుగో చరణం తప్పు.
మా మామ్మకి మాట పడిపోనాది.
చెవి దగ్గర ఫోను పెట్టి మీ పాట చదువుతుంటాను.
అక్కడికి రాగానే చెయ్యి ఊపుతాది, కాదు కాదని.
నెల రోజులకి నాకు తెలిసింది.
నీ వెల ఎంతమ్మా అని కాదు సార్,
నీ వల ఎంతమ్మా."

ఒక్క ఎత్వం.
పదకొండేళ్ళలో కోటి కళ్ళు దాటిపోయాయి దాన్ని,
నావి రెండూ కలుపుకుని.
గురువారం గురువారం నలభై వేలమంది చేత
తల్లిని ధర అడిగించాను.
ఆ చిల్లుతోనే తేలింది నా ఓడ,
మొదటి పేజీలో, జెండాలు కట్టుకుని.

హార్బరులో ఏదో కూత.
అక్షరం పక్కన కర్సరు పెట్టి
ఒక్కసారి నొక్కాను.
వ మిగిలింది.

తెల్లవారుజామున మూడుంబావుకి చూస్తే
ఆ పాట దగ్గర ఒక్కరున్నారు,
నలభై నిమిషాలుగా.
చెయ్యి ఊపుతోందో, ఊరుకుందో,
అది చూపించే గీత నా దగ్గర లేదు.