హాజరు పట్టీ తిన్న మేక

మరికల్ దాటినంక మూడో స్టేజి,
జడ్పీ హైస్కూలు, ఎనిమిదో తరగతి, నాలుగో పీరియడు.
బోర్డు మీద రెండు మాటలు రాసిన: షీ, ఇట్.
ఆడమనిషైతే ఇది, మేకైతే అది అని చెప్పి
నడుమ గీత గీసిన.
పిల్లలు తలలూపిన్రు.
మా బడిల తలలూపుడు
మధ్యాహ్నం పప్పు తీరు, రోజూ ఉంటది, ఉప్పుండదు.

వాకిట్లకెల్లి బీరమ్మ వొస్తుంటే
కుర్మన్న లేసి చెప్పిండు:
"మేడమ్, ఇట్ ఈజ్ కమింగ్."

నవ్విన గని, తప్పు వానిది గాదు.
మన నోట్ల పిల్లొచ్చినా వొచ్చింది,
మేకొచ్చినా వొచ్చింది,
వాన, బస్సు, జెరం, అన్నీ వొచ్చిందే.
పదిమంది గూడి వొస్తేనే
ఆడోళ్లు మనుషుల లెక్కకొస్తరు: వొచ్చిన్రు.
ఇరవై రెండేండ్ల నౌకరిల
ఈ సంగతి నాకు వ్యాకరణం పుస్తకం చెప్పలే.

సూత్రం పక్కకు వెట్టి నాటకం వేద్దామన్న.
కథ వాళ్లే అల్లిన్రు:
బడిల సొచ్చిన మేక హాజరు పట్టీ తిన్నది. మేక మీద కేసు.
షబ్బీరు వకీలు, వాళ్ల నాయిన నల్ల షేర్వాణి
వాని మడిమెల దాక.
కుర్మన్న జడ్జి. సుత్తె లేదు, డస్టరు కొడితే
సుద్దపొడి లేసి కోర్టు మొత్తం దగ్గింది.
మాణెమ్మ బంట్రోతు, మూడుసార్లు పిలుస్తది:
"గోట్! గోట్! గోట్!"
మేక వేషం మాకొద్దంటె మాకొద్దన్నరు.
బీరమ్మ చెయ్యెత్తింది.
"మేకకు మాటలెన్ని ఉంటయి మేడమ్?"
"ఒక్కటే. మే."
"అయితె నేనుంట."

తెల్లారి తాత గొంగడి తెచ్చింది,
మేక మెడల నుంచి నిజం గంట తెచ్చింది,
అడగకున్నా మంద వాసన గూడ తెచ్చింది.
మొదటి బెంచి జరిగి మూడో బెంచిని గుద్దింది.

వకీలు వేలు సూపిండు:
"మై లార్డ్, ఇట్ ఏట్ ది రిజిస్టర్."
వాని ఇంగ్లీషుకు వాడే మురిసి ఇంకోసారన్నడు.
బోనుల, బోనంటే బోర్లేసిన బెంచి,
మేక మే అనాలె.
అనలే.
గొంగడి జారంగ రెండు కాళ్ల మీద నిలవడ్డది.
"నాట్ ఇట్," అన్నది. "షీ."
ఎవరూ రాయని డైలాగు.
"షీ గోట్. షీ గివ్ మిల్క్. షీ హావ్ టూ బేబీ."

గివ్స్ అనాలె బిడ్డా అని
నాలిక చివర దాక వొచ్చింది.
మింగిన.

జడ్జి పరేషానయిండు, కాయిదం అటిటు తిప్పిండు,
అండ్ల లేని ప్రశ్న అడిగిండు:
"వై షీ ఈట్ రిజిస్టర్?"
బీరమ్మ జరసేపు పైకి జూసింది.
రేకుల సందుకెల్లి ఎండ, దొరకని మాట.
"షీ ఈట్ ఓన్లీ ఏ," అన్నది.
"పీ నో ఈట్."

క్లాసంత ఇరగబడి నవ్వింది.
నా పట్టీల ఆగస్టు నుంచి దీపావళి దాక
బీరమ్మ పేరు ముందర అన్నీ ఏలే.
ఎర్రసిరతోని నేనే రాసిన,
ఒకదాని ఎనక ఒకటి, కాల్వ దాటే మేకల తీరు.
ఆ దినాలల్ల ఆ పిల్ల
గద్వాల దిక్కు పత్తి చేన్ల
పొద్దుగాల నుంచి పువ్వుకు పువ్వు రుద్దుతుండె.
తిరిగొచ్చినంక గూడ కొన్నిదినాలు
నోటుబుక్కు మీద పసుపుపచ్చ వేలిముద్రలు.
గీసిన సిర నాది, మేసిన మేక దానిది.

డస్టరు మళ్ల పడ్డది:
"గోట్ ఈజ్ గుడ్. కేస్ క్లోజ్."
మాణెమ్మ దగ్గు ఇంకా ఆగలే.

గంట కొట్టినంక అడిగిన,
"మేకను ఇట్ అంటె నీకెందుకే కోపం?"
గొంగడి మడతవెట్టుకుంట చెప్పింది:
"మా అవ్వ నన్నూ అది అంటది, మేకనూ అది అంటది.
ఒక్కతీరే పిలుస్తది, ఒక్కతీరే తిడ్తది,
పొద్దుగూకినా రాకుంటె
ఇద్దరి కోసం ఒక్కతీరే దర్వాజల నిలవడ్తది.
మీ ఇంగ్లీషుల నన్ను ఇంట్లకు రమ్మని
దాన్ని బయట కట్టేస్తిరి మేడమ్."

ఏమనాలె?
ఏ భాషల జవాబు చెప్పాలె?
బోర్డు మీద ఆ రెండు మాటల నడుమ గీత
తుడుద్దామని లేసిన.
డస్టరు లేదు.
జడ్జి ఇంటికి వట్కపోయిండు.