ముడులు బయటికి

నలభై ఏండ్లు జంపఖానాలు నేసిన.
పెండ్లిపందిట్ల పరిచేవి, మీటింగులల్ల పరిచేవి,
వందమంది తొక్కినా చెక్కుచెదరనివి.
ఇప్పుడు బేస్తారం బేస్తారం
కొత్తవాడల, అనసూర్య కుట్టుమిషిని దుకాణం మీది అర్రల
మూరెడు బొంత ఒళ్లె పెట్టుకొని కూసుంట.
ముగ్గురాడోళ్ల నడుమ నేనొక్కన్నే మొగోన్ని.
సూదిల దారం ఎక్కియ్యనీకే
నాకు సగం పొద్దు పోతది.
"కాకా, నీ కుట్లు బర్రె పండ్ల లెక్కున్నయి"
అంటది ముంతాజ్. విప్పి మల్ల కుట్టమంటది.
విప్పుత.

కొత్త బట్ట పనికిరాదు.
పుట్టిన బిడ్డకు పాతదే సుట్టాలె.
అమ్మ చెప్పిన మాటే గని
నూలు ఎన్ని ఉతుకులు తింటే అంత మెత్తగైతదో
మగ్గం మీదున్నన్నాళ్లు నాకు ఎర్కలే.
మా చేతి నుంచి పోయేటప్పుడు అది గరుకే.
గంజి పోయి, రంగు ఎలిసి, అంచు పీలికలై
ఇగ ఇది చీరె కాదు అనుకున్నంక
అప్పుడు పసిగుడ్డుకు అక్కరకొస్తది.

వాడకట్టంత తిరిగి తెస్తం.
సారమ్మ తల్లి కట్టిన పచ్చచీరె.
కూరగాయల బండి కమ్లి ఇచ్చిన నీలిది, పసుపు మరకతోని.
ముంతాజ్ అత్త నమాజుకు కప్పుకున్న తెల్ల దుపట్టా.
ఎవరో పేరు చెప్పకుంట
గడప మీద పెట్టిపోయిన గళ్లచీరె,
కొంగుకు ముడి అట్లనే ఉండె,
విప్పితే రెండు రూపాయల బిళ్ల.
ఆ బిళ్ల ఇంక గుండీల డబ్బల ఉంది,
అడగొస్తరేమో అని.

సలసల కాగే నీళ్లల్ల ఉడకబెట్టి
మిద్దె మీద ఎండకేసి
పొరమీద పొర పెట్టి కుట్టినంక
లోపటి పొర ఎవరిదో మాకే ఎర్కుండదు.

అనసూర్యకు ఒకటే పట్టుదల:
ముడులన్ని బయటికుండాలె.
మడత బయటికి, దారం కొసలు బయటికి,
బిడ్డ దిక్కు నున్నగ.
కుల్లలు గూడ గంతే.
చూసెటోళ్లకు తిరగేసి తొడిగినట్టే కొడతది.
కొత్తల ఒక నర్సమ్మ
"గిదేం కుట్టుడు" అని కసిరి, తిరగేసి తొడిగి,
పిల్ల కెవ్వుమన్నంక
సప్పుడు చెయ్యక మల్ల తిరగేసింది.

నెలకు రెండుమార్లు ఆటోల మూట.
పోచమ్మ మైదాన్ దాటి హన్మకొండ దవాఖాన దాంక
మూట మీద చెయ్యేసుకొని కూసుంట.
ఎగిరిపోతదని గాదు.

మొన్న ములుగు దిక్కు నుంచొచ్చిన బాలింత.
పద్దెనిమిది వందల గ్రాముల పిల్ల,
తలకాయ బత్తాయంత.
పక్కనున్న ముసలవ్వ
బొంతను కిటికీ ఎలుగుకు ఎత్తిపట్టి
అటు జూసి ఇటు జూసి అడిగింది:
"ఎవలియి గీ చీరెలు? ఏమోళ్లయి?"

సారమ్మ నా పక్కనే ఉంది.
మూట కొస పట్టుకున్న ఆమె చెయ్యి
జెర్ర ఎనకకు పోయింది, నేను జూసిన.

ఎందుకు దాచాలె,
మొదటి దినం నేను గూడ అడిగిన గీ మాట.
చాయ గిలాస పట్టుకొని, ఏ గుడ్డ ఎవరింటిదని.
ఆ దినం సారమ్మ ఏమనలె.
దారం ఎక్కిచ్చిన సూది నా చేతికిచ్చింది.

"విప్పి జూసుకో అవ్వా" అన్న.
జేబులకెల్లి కత్తెర తీసిచ్చిన.
"ఐదు పొరలున్నయి.
నీకు నచ్చిన పొర ఉంచుకో, కడమయి మాకియ్యి."
నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగనే లేచింది.
పక్క మంచాలోళ్లు తిరిగి జూసిండ్రు.

అవ్వ కత్తెర ముట్టలె.
బొటనవేలుతోని ముడులను తడిమింది, ఒక్కొక్కటే,
బియ్యంల రాళ్లు ఏరినట్టు.
"ఇయ్యి బయటికెందుకున్నయి?"
"పిల్లకు ఒత్తుకోవద్దని" అన్నది సారమ్మ.
అవ్వ సారమ్మను జూసింది.
మంచం మీదికెల్లి బాలింత చెయ్యి చాపింది.

ఉంచుకున్నరో, రాత్రికి రాత్రే పారేసిండ్రో.
మల్ల పోయినప్పుడు ఆ మంచం మీద వేరెటోళ్లు,
కవల పిల్లలు, రెండు కుల్లలు తక్కువ పడ్డయి.

ఇయ్యాల బేస్తారం.
కండ్లద్దాలు తుడుచుకున్న, దారం కొస నోట్ల తడిపిన,
నాలుగు మార్లు తప్పింది.
సూదిని సారమ్మ దిక్కు చాపిన.