కనేలో వంతు

లీమా నగరం మాకు కాళ్ల కింద ఉంటుంది.
పొగమంచు పలచబడిన రోజున మాత్రం కనిపిస్తుంది.
మేముండేది కొండ మీద. చెట్టు లేదు, గడ్డి లేదు.
ప్లైవుడ్ గోడలు, రేకులు,
రేకులు ఎగిరిపోకుండా రాళ్లు.
ఇక్కడ వాన పడదు. తడి ఆరదు.

తెల్లవారుజామున నాలుగింటికి
ఫోర్తునాతా, నేనూ మూడు చక్రాల బండెక్కి మార్కెట్టుకు పోతాం.
బేరాలు మొదలుకాకముందే అడగాలి:
విరిగిన క్యారెట్లు, ఒక పక్క మెత్తబడ్డ గుమ్మడికాయ,
కోళ్ల కాళ్లు, కోళ్ల మెడలు.
మొదటి రోజు నాకు నోరు పెగల్లేదు.
"నీ కోసం అడిగితే సిగ్గుపడు," అంది ఫోర్తునాతా,
"అడిగేది కుండ. కుండకు సిగ్గేమిటి?"

నీళ్లు ట్యాంకరువాడి దయ.
కట్టెలంటే ఎవరిదో విరిగిన మంచం,
ఒకసారి హెర్మెలిందా పెళ్లినాటి బీరువా తలుపు.
"కాపురం కంటే ఇదే బాగా వెలిగింది,"
అని తనే నవ్వి, పొగ వంక పెట్టుకుని కళ్లు తుడుచుకుంది.

నా పని నోటుబుక్కు.
కుండ ఒకటి, గరిటె ఒకటి, గిన్నెలు నూట పద్నాలుగు.
ఉన్నవాళ్లు ఒక సోల్ ఇస్తారు.
లేనివాళ్లు బంగాళాదుంపల తొక్కు తీస్తారు.
అదీ చేతకాని ముసలి ఎలెయుతేరియో
వరుసలో నిలబడి గనుల్లో పనిచేసిన రోజులు చెబుతాడు.
చెల్లించాడనే రాసుకుంటాను.

మునిసిపాలిటీ బియ్యమిస్తానంది, నూనె ఇస్తానంది.
తలకింత.
తలకో గుర్తింపు నంబరు ఉండాలంది.
వెనెజువెలా నుంచి తల్లి చెయ్యి పట్టుకు నడిచొచ్చిన యెయికర్‌కు
తల ఉంది, నంబరు లేదు.
ఫోర్తునాతా కుక్కకు ఉంది.
రేబిస్ టీకాలు వేసినప్పుడు ఇచ్చిన కార్డు,
దాని మీద ఎర్రగా ఎనిమిది అంకెలు.
నేనేం ఆలోచించలేదు. చెయ్యే రాసేసింది:
కనేలో వమానీ, వయసు ఆరు.

ఆగస్టులో తనిఖీకి వచ్చాడొక కుర్రాడు.
నీలం కోటు, మూడువందల మెట్లెక్కి మట్టికొట్టుకున్న బూట్లు,
ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియక
ప్రతి పేరు మధ్యలోనూ ఆగుతున్నాడు.
"కనేలో... వమానీ?"

గరిటె గాల్లో ఆగింది.
ఎలెయుతేరియో గని కథ ఆగింది.
బల్ల కింద పడుకున్నది మాత్రం
పిలిచారుగదా అని లేచి, ఒళ్లు దులుపుకుని,
తోకాడిస్తూ ఆఫీసరు బూట్లు వాసన చూసింది.

"నేనే," అన్నాడు యెయికర్, చెయ్యెత్తి.

తొమ్మిదేళ్లవాడు.
ఆరంటే ఎవరైనా నమ్ముతారు.
అబద్ధం దొరికిపోతుందని కాదు,
అంత తేలిగ్గా అతుకుతుందని నాకు కడుపులో తిప్పింది.

కుర్రాడు పిల్లాణ్ణి చూశాడు. కుక్కను చూశాడు.
ఆగని తోకను చాలాసేపు చూశాడు.
టిక్కు పెట్టాడు.
తర్వాత, కాగితాలు సంచిలో సర్దుకుంటూ,
ఎవరినీ చూడకుండా అడిగాడు:
"సూప్ ఏమైనా మిగిలిందా?"

"నంబరెంత?" అంది ఫోర్తునాతా,
గరిటె కుండలో ముంచుతూనే.
అతని చెవులు ఎర్రబడ్డాయి. వరుసంతా నవ్వింది.
అడుగంటినదంతా గీకి, రెండు కోడిమెడలు వేసి ఇచ్చింది.
నిలబడే తిన్నాడు, పొద్దుటి నుంచి తినని మనిషిలా.

మెట్ల మీద కూర్చుని యెయికర్
తన గిన్నెలోని కోడికాలు సగం కొరికి
మిగతా సగం అసలు కనేలోకి పెట్టాడు.
ఎవరూ చెప్పలేదు వాడికి.

ఆ పూట లెక్క నూట పదిహేను.
చివరి గడిలో ఏ పేరు రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.
కింద రాసుకున్నాను:
రేపటికి ఉల్లిపాయల్లేవు. ఉప్పు అడగాలి.