పదిహేడో పలక

రొకిష్కిస్ ఊళ్ళో మా బడి జిమ్ములో
ఎడమ గీత నుంచి లెక్కపెడితే
పదిహేడో పలక చచ్చిపోయింది.
బంతి అక్కడ పడితే లేవదు.
తడిగుడ్డ మీద పడ్డట్టు ఒక్క థప్,
అంతే.

ఆ సంగతి మాకు తెలుసు,
బయటి ఊరి పిల్లలకు తెలీదు.
ఉతెనా జట్టు పిల్లని మందలో గొర్రెని తోలినట్టు
మెల్లగా అటువైపు తోలటం
స్కిర్మాంతే మాకు మొదటి వారమే నేర్పింది.
"మోసం కాదా, త్రెనెరె?" అంది చిన్నది ఉగ్నే.
"మనింట్లో ఏ మెట్టు విరిగిందో
మనకి తెలిసుండటం మోసమా?"
అని ఈల ఊదింది.
ఆవిడ జవాబు తర్వాత ఎప్పుడూ ఈలే,
రెండో ప్రశ్నకి చోటుండదు.

నేను ఆడలేదు.
పొట్టిదాన్ని, పైగా ఉబ్బసం.
బెంచీ చివర స్కోరు పుస్తకం నాది,
అందుకే బంతికంటే ఆవిణ్ణే ఎక్కువ చూశాను.
మా వాళ్ళెవరైనా బుట్టకి గురిపెడితే
కోటు జేబులో ఆవిడ మణికట్టు
తనంతట తనే వంగేది.
పడని బంతికి కూడా.

సోవియట్ జెండా కింద
విల్నియస్ జట్టులో నాలుగో నంబరు.
రైళ్ళలోనే పెరిగానంటుంది.
త్బిలీసీ నుంచి సంచీడు దానిమ్మలు తెస్తే
మూడు రాత్రుల ప్రయాణంలో
జట్టంతా తినేసి
తొక్కలు మాత్రం మిగిల్చారట, అమ్మకి చూపించటానికి.
కప్పుల గురించి అడిగితే
దానిమ్మల గురించే చెప్పేది.

రీగాలో ఒక సాయంత్రం ఎగిరింది.
బంతి దొరికింది కూడా.
దిగింది.
మోకాలి చప్పుడు తనకి వినబడలేదట,
తలుపు దగ్గర టికెట్లు చింపే ముసలావిడకి వినబడిందట.

ఆ తర్వాత పదహారేళ్ళు
మా ఊరి చీజ్ ఫ్యాక్టరీలో
గుండ్రటి చీజ్ చక్రాలు తిప్పుతూ ఉండేది.
రోజుకి రెండుసార్లు, తలకిందులుగా, వరసగా.
"చేతులు మర్చిపోకుండా ఉండటానికి అదీ మంచిదే" అంటుంది,
నవ్వకుండా.
మా డ్రిల్లు మాస్టారు ఐర్లండులో
పుట్టగొడుగులు కోసే పనికి వెళ్ళిపోతే
హెడ్మిస్ట్రెస్ తెల్లకోటులోనే ఆవిణ్ణి పట్టుకొచ్చింది.

మొదటి నెల బంతి ఇవ్వలేదు.
బెంచీ ఎక్కు, దూకు.
రెండు పాదాలు కలిపి, మోకాళ్ళు మెత్తగా.
మళ్ళీ ఎక్కు.
చప్పుడైతే మళ్ళీ.
"ఎగరటం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు" అంది ఒకసారి,
ఇంకేదో అనబోయి
ఈల నోట పెట్టుకుంది.
పిల్లలు విసుక్కున్నారు. ఇద్దరు మానేసి
వాలీబాల్‌కి పోయారు.

నేను తొమ్మిదిలో ఉండగా
కొత్త నేల వచ్చింది, యూరప్ డబ్బుతో.
పనివాళ్ళు గడ్డపారలతో పాతది పెకలిస్తుంటే
అందరం పదిహేడో పలక దగ్గర గుమిగూడాం.
అది ఊడి వచ్చింది.
నిక్షేపంగా ఉంది, చీడ లేదు, పుచ్చు లేదు.
దాని కింద మోయాల్సిన దూలమే
ఎప్పుడో పొడైపోయింది.

త్రెనెరె ఏమీ అనలేదు.
పలకని మోకాలికి ఆనించి కాసేపు నిలబడి
చంకన పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది.
క్యాబేజీ పులియబెట్టే పీపాకి
సరిగ్గా మూత సరిపోయిందని
సోమవారం చెప్పింది.
మాకందరికీ అక్షరాలు దిద్దించిన పలక
ఇప్పుడు పుల్లటి వాసనేస్తూ
ఎవరి వంటింట్లోనో.

కొత్త నేల మీద మొదటి ఆట ఉతెనాతోనే.
బంతి ప్రతిచోటా లేచింది,
వాళ్ళకి కూడా.
పద్నాలుగు తేడాతో ఓడిపోయాం.

చివరి నిమిషంలో, ఎవరికీ అక్కర్లేని బంతి కోసం
ఉగ్నే ఎగిరింది,
ముగ్గురు పొడుగుపిల్లల మధ్య.
బంతి దొరకలేదు.
దిగింది, రెండు పాదాల మీద, పిల్లిలా.
అంత హాల్లో చప్పుడే లేదు.

బెంచీ ఈ చివర్నుంచి చూశాను,
జేబులో మణికట్టు కదల్లేదు.
ఆవిడ ఎడమచెయ్యి మాత్రం
తన మోకాలి మీద ఒక్క క్షణం ఆగింది.

స్కోరు పుస్తకంలో దానికి గడి లేదు.
అంచున, పెన్సిలుతో,
చిన్న గీత పెట్టాను.