కొండ వీపు

కత్తిరి ఎండలు మొదలైన మూడోరోజు
గ్యాసు బిల్లు వెనకాల గీసినాడు చెంగల్రాయులు
మా టిఫిను బండి బొమ్మ.
దోసె పెనం ఉండేచోట పరుపు.
చట్నీ గిన్నెల అరలో పిల్లదాని గుడ్డలు.
పైన రేకుకి బ్యాటరీ ఫ్యాను, పక్కన ఒక ప్రశ్న గుర్తు.
"నాలుగు రోజులు" అని రాసి
నా మొహం చూసి
నాలుగు కొట్టేసి మూడు.
దినకంతు దొరస్వామి గుర్తొచ్చి
మూడు కొట్టేసి రెండు.

పదకొండేండ్లుగా కొర్లగుంట సందులో
షట్టరెత్తితే ఎదురుగా కొండే.
చీకట్లో ఘాట్ రోడ్డు దీపాలు
ఎవురో తెంపి పారేసిన పూసలదండ మాదిరి.
ఆ మొహం అలవాటైపోయింది,
రోజూ వాకిట్లో కూర్చునే చుట్టం మొహం అలవాటైనట్టు.
"దీని వీపు చూసొద్దాం ధనా" అన్నాడు.
భాకరాపేట కనుమెక్కి, నెరబైలు దాటి
అవతలపక్క.
తలకోనంట. పేరే చెప్తాంది కదా,
తల ఆ పక్కనుంటే
ఇన్నాళ్ళూ మొహమనుకున్నది పాదాలేమో.

ఆ రాత్రినుంచీ లెక్కలే.
చెక్‌పోస్టులో ప్లాస్టిక్ రానీరు.
ఇత్తడి బిందెలు రెండు, మూత పట్టేది ఒకదానికే.
చందనం దుంగలుండాయేమోనని
బండి కింద అద్దం పెట్టి చూస్తారంట.
చూసుకోనీ,
పోయినేడు జారిపోయిన గరిటె దొరికినా దొరుకుతాది.
ఏనుగులు తిరిగే తావు, పొద్దు గుంకితే కదలొద్దు,
చెరుకు తీసుకుపోవద్దు, పనసతొనలు అసలొద్దని
ఆడబిడ్డ దేశమ్మ.
మరి అరటిపండు?
అరటిపండు మీద గంటసేపు వాదన.
బేనీషా కాయలు నాలుగు మాత్రం ఒప్పుకునింది,
గోతంలో చుట్టి, వాసన ఏనుక్కి తగలకుండా
ఎర్రగడ్డల కింద.
సంగటికి రాగిపిండి. ఊరుబిండి ముందే నూరుకోవాల.

హంసిక జాబితాలో ఒకటే:
దేవాంగపిల్లి.
"అది తీసుకుపోయేది కాదే, చూసేది" అంటే
"నేను చూడను. దానికి నన్ను చూపించండి" అంటాది.

నాది ఒకటుండాది, రాయలేదు.
పైనుంచి నీళ్ళు పడతా ఉంటే
కింద నిలబడి
ఎవురికీ ఏమీ వడ్డించకుండా
పావుగంట.
ఎండాకాలం ఆ నీళ్ళు దారమంతే ఉంటాయని అంటారు.
దారమైనా చాలు.
దాన్ని ఉప్పు పక్కన రాసి
మళ్ళీ కొట్టేసినా.

నిన్న రాత్రి, ఒకసారి పండి చూద్దామన్నాడు,
ఇంటి ముందే, సందులోనే.
పెనం దించినాం.
కింద దాని గుండ్రటి మచ్చ మిగిలింది,
ఆ మచ్చ మీదనే పరుపు.
ముగ్గురం పట్టినాం, ఆయన కాళ్ళు తప్ప.
కాళ్ళు క్యాషు డబ్బా మీద.
దుప్పటంతా తిరగమోత వాసన.
షట్టరు జానెడు ఎత్తిపెడితే
ఆ జానెడులో కొండ.
పండుకోని చూస్తే అది వేరే కొండ,
నిలబడి పిండి రుబ్బుకుంటా చూసింది కాదు.
హంసిక నా చెవి దగ్గరికి జరిగి
"మా, అది మన పక్కకే వీపు పెట్టి
పండుకోనుండాదేమో" అనింది.
జవాబు చెప్పేలోపు నిద్రపోయింది.

తెల్లారుజామున నాలుగున్నరకి
రేకు మీద వేళ్ళ చప్పుడు.
స్టేషన్ కాడ ఆటో తోలే మునస్వామి.
"అక్కా, రెండిడ్లీ. కారం ఎక్కువ."
నా చెయ్యి దానంతటదే గరిటె వెతుక్కుంటా పోయి
పిల్లదాని జుట్టులో ఆగింది.
కండ్లు తెరవకుండానే చెంగల్రాయులు
"ఇది అడివి బ్బా. తెల్లారేదాకా గేటు తియ్యరు" అన్నాడు.

బయట కొంచేపు ఏ చప్పుడూ లేదు.
తర్వాత, గొంతు తగ్గించి,
"ఏనుగులేమన్నా ఉండాయానా?"