ధార

కాసిమేడు దీపాలు చుక్కలైపోయిన చోట
ఇంజను గొంతు మార్చింది.
పక్కన చిమ్మే నీటిధార సన్నబడి ఆగింది.
"ఆపరా, దానికి నోరెండిపోయింది" అన్నాడు పాళెయ్య మామ.

మూతమీద చెయ్యి పెట్టి
పెట్టినంత వేగంగా తీశాను.

మోటారు పైకెత్తితే
నీళ్ళు పీల్చే జల్లెడని కరుచుకుని
టీ నగర్ బట్టలకొట్టు సంచి,
దానిమీద ఇంకా నవ్వుతూ పెళ్ళికూతురు.

పీకేశాం. చల్లారేదాకా ఊగుతూ కూర్చున్నాం.
మామ గాలం తీగ తీసి
ధార వచ్చే బెజ్జంలో తిప్పాడు,
మనవడి చెవిలో గులిమి తీసినట్టు.
చిటికెడు ఉప్పు రాలింది.

తాడు లాగాను. దగ్గింది. మళ్ళీ లాగాను.
ధార!
వేలు పెట్టి చూశాడు. గోరువెచ్చన.
"ఒడ్డుకెళ్ళగానే లోపలి రబ్బరు రెక్కలు మార్చాలి."
పోయిన నెలా ఇదే మాట.

సంచి మాత్రం కడిగి, మడిచి
లుంగీలో దోపుకున్నాడు,
తెల్లారి అత్త చేపల బేరానికి.